ఫిన్స్‌బరీ పార్క్ ఆస్టోరియా అలియాస్ రెయిన్‌బో థియేటర్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉత్తర లండన్‌లో ఫిన్స్‌బరీ పార్క్ స్టేషన్ దిగి సెవెన్ సిస్టర్స్ రోడ్డు మీదికి రాగానే ఓ పాత సినిమా హాలు కనిపిస్తుంది. మేముండేది ఆ దగ్గర్లోనే. ఇంటికొచ్చిన చుట్టాలందరికీ ఆ హాలు చూపించడం నాకో పిచ్చి. చూసినవాళ్లు అక్కడే నిలబడి అడిగేవీ, ఊరెళ్లాక ఫోన్ చేసి అడిగేవీ దాదాపు అవే సందేహాలు. చెప్పిందే చెప్పి విసుగొచ్చి ఇలా రాసిపెట్టాను. ఏ జవాబుకా జవాబు విడిగా చదువుకోవచ్చు.

## ముందు పేర్ల గొడవ

ఆస్టోరియా, ఓడియన్, రెయిన్‌బో అంటున్నారు. ఇవి మూడు హాళ్లా, ఒకటేనా?

ఒకటే. 1930 సెప్టెంబరు 29న ఫిన్స్‌బరీ పార్క్ ఆస్టోరియా అనే పేరుతో తెరిచారు. యాజమాన్యం పారామౌంట్ అనే సినిమా కంపెనీ చేతికి, 1939లో ఓడియన్ సంస్థ చేతికి వెళ్లినా జనం నోట్లో మాత్రం ఆస్టోరియాగానే ఉండిపోయింది. 1970లో బోర్డు మార్చి ఓడియన్ అని రాశారు కానీ అది ఏడాది కూడా నిలవలేదు. 1971 నవంబరులో రాక్ కచేరీల హాలుగా మారి రెయిన్‌బో థియేటర్ అయింది. అందుకే ఒకే హాలు గురించి ఒకరు ఆస్టోరియా అని, మరొకరు రెయిన్‌బో అని రాస్తారు. తేదీ చూస్తే ఏ పేరు నడిచిన కాలమో తెలిసిపోతుంది.

లండన్ ఆస్టోరియాని కూల్చేశారని చదివాను. మరి మీరు చూపిస్తున్నదేంటి?

కూల్చేసింది చేరింగ్ క్రాస్ రోడ్డులో ఉన్న ఆస్టోరియాని. క్రాస్‌రైల్ అనే కొత్త రైలు మార్గం కోసం 2009లో దాన్ని తీసేశారు. అదీ సినిమా హాలుగా మొదలై కచేరీల హాలుగా పేరు తెచ్చుకున్నదే. రెండింటికీ వాస్తుశిల్పి కూడా ఒకరే, ఎడ్వర్డ్ స్టోన్. కాబట్టి పొరపాటు పడటంలో వింతేం లేదు.

అది కాక లండన్ శివార్లలో అదే స్టోన్ 1929, 1930ల్లో ఈ హాలుతో కలిపి నాలుగు ఆస్టోరియాలు కట్టాడు. బ్రిక్స్‌టన్‌ది ఇవాళ బ్రిక్స్‌టన్ అకాడమీ, ఇప్పటికీ కచేరీలు జరుగుతాయి. స్ట్రెథమ్‌ది ఇంకా సినిమా హాలే. ఓల్డ్ కెంట్ రోడ్డుది 1980ల్లో నేలమట్టమైంది. ఫిన్స్‌బరీ పార్క్‌ది ప్రార్థనా మందిరమైంది. ఒకే చేతి మీద పుట్టిన నలుగురు అన్నదమ్ములు నాలుగు దారులు పట్టినట్టు!

మన హైదరాబాద్ ఓడియన్‌కీ దీనికీ ఏమైనా చుట్టరికం ఉందా?

ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సినిమాలు చూసి పెరిగిన ప్రతివాళ్లూ ఇది అడుగుతారు. చుట్టరికం పేరు వరకే. ఇంగ్లండులో ఓడియన్ అనే సినిమా హాళ్ల గొలుసును ఆస్కర్ డాయిష్ అనే వ్యాపారి 1930లో మొదలుపెట్టాడు. ఆ పేరు ఎంతగా నచ్చిందంటే ప్రపంచంలో ఎన్నో ఊళ్లలో ఎవరికి వాళ్లు హాళ్లకు పెట్టేసుకున్నారు.

అసలు ఓడియన్ పాత గ్రీకు మాట. పాటకచేరీల కోసం కట్టిన మండపం అని అర్థం. సినిమాలు ఆడినంత కాలం ఆ మాటకి అర్థం ఎవరికీ పట్టలేదు. ఈ హాలు మాత్రం ఓడియన్ అన్న పేరు తీసేశాకే నిజంగా ఓడియన్ అయింది.

ఫిన్స్‌బరీ పార్క్‌లో పెద్ద కచేరీ అంటే ఈ హాల్లోనేనా?

కాదు. పక్కనే అదే పేరుతో పెద్ద పార్కు ఉంది. 1992లో మ్యాడ్‌నెస్, 1996లో సెక్స్ పిస్టల్స్ బ్యాండ్లు పాడింది ఆ పార్కులో, ఆరుబయట. ఈ హాల్లో కచేరీలు 1981లోనే ఆగిపోయాయి కాబట్టి, ఆ తర్వాతి కచేరీ ఏదైనా చెబితే అది పార్కు గురించే అనుకోండి.

## సినిమా రోజులు

బయటి నుంచి చూస్తే ఏమంత లేదు. దీనికింత పేరెందుకు?

మా చుట్టాల్లో ఎక్కువమంది మొహం వేలాడేసేది ఇక్కడే. నిజమే, బయటి గోడలు సాదాసీదాగా ఉంటాయి. డబ్బంతా లోపల పోశారు. తలుపు దాటగానే అరబ్బుల కోటలా వంపుల తోరణాలు, మధ్యలో ఫౌంటెన్. పాత రోజుల్లో ఆ నీళ్లలో బంగారు రంగు చేపలు తిరిగేవి. అక్కణ్నుంచి హాల్లోకి అడుగు పెడితే స్పెయిన్‌లోని ఆండలూసియా పల్లెలో రాత్రిపూట ఆరుబయట కూర్చున్నట్టుంటుంది. రెండు పక్కలా పెంకుటిళ్లు, కిటికీలు, బాల్కనీలు. పైన కప్పు బదులు ముదురు నీలం ఆకాశం, అందులో మిణుకుమనే చుక్కలు. చుక్కలంటే చిన్న చిన్న దీపాలే లెండి.

ఈ రకం హాళ్లను 'అట్మాస్ఫెరిక్' థియేటర్లంటారు. 1920ల్లో అమెరికాలో జాన్ ఎబర్సన్ అనే వాస్తుశిల్పి దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. బ్రిటన్‌లో కట్టినవాటిలో దీన్ని మించింది లేదని ఆ విషయం తెలిసినవాళ్లు అంటారు. 1930 అంటే ఆర్థికమాంద్యం మొదలైన రోజులు. వానలో తడిసి, మసి పట్టిన వీధిలో నడిచి వచ్చిన కూలీ మనిషికి చిల్లర డబ్బులతో రెండు మూడు గంటలు స్పెయిన్ చూపించడమే వ్యాపారం. సినిమా బాగోకపోయినా కప్పు వంక చూస్తూ కూర్చోవచ్చు.

సినిమా హాలుకి స్టేజీ, మేకప్ గదులు ఎందుకు కట్టారు?

ఆ రోజుల్లో ఒక్క టికెట్టుకే సినిమా, దాంతోపాటు స్టేజీ మీద ఆటపాటలు కూడా ఉండేవి. డాన్సర్లు, హాస్యగాళ్లు, గారడీవాళ్లు, వాద్యబృందం వచ్చేవాళ్లు. మధ్యలో ఇంటర్వెల్‌లో కాంప్టన్ కంపెనీ ఆర్గన్ వాయించేవారు. అందుకని తెర వెనక లోతైన స్టేజీ, నటులకు గదులు, స్టేజీ ముందు వాద్యగాళ్లు కూర్చోవడానికి గొయ్యి, అన్నీ మొదటి నుంచే ఉన్నాయి.

ఈ ఒక్క సంగతి అర్థమైతే తర్వాతి కథంతా అర్థమవుతుంది. తెర ఒక్కటే ఉన్న హాలైతే సినిమాలు పోగానే గోడౌనో, ఫంక్షన్ హాలో అయ్యేది. దీనికి స్టేజీ ఉంది కాబట్టి రాక్ బ్యాండ్లు వచ్చి చేరాయి.

ఎంతమంది పట్టేవారు?

మూడు వేలకు పైనే. కింద నేల తరగతి, పైన ఒకటే పెద్ద బాల్కనీ.

అంత అందమైన హాల్లో సినిమాలు ఎందుకు ఆపేశారు?

ఇంటింటికీ టీవీ వచ్చింది. బ్రిటన్‌లో 1946లో 163 కోట్ల సినిమా టికెట్లు అమ్ముడయ్యాయి. 1971కి అది 18 కోట్లకు కూడా చేరలేదు. మూడు వేల కుర్చీల హాల్లో మూడొందల మంది కూర్చుంటే దీపాల ఖర్చు కూడా రాదు. చాలా హాళ్లను బింగో ఆటకు (మన తంబోలా లాంటిది) ఇచ్చేశారు, కొన్నింటిని అడ్డగోడలు కట్టి మూడు చిన్న హాళ్లుగా చీల్చారు. ఇక్కడ ఆ రెండూ జరగలేదు. 1971 సెప్టెంబరులో ఆఖరి ఆట ఆడింది. లెక్క వేస్తే 41 ఏళ్లు. ఈ హాలు బతుకులో అన్నిటికంటే పొడుగైన అధ్యాయం సినిమాదే, కానీ దాని గురించి అడిగేవాళ్లే తక్కువ.

## ఆస్టోరియాగా ఉండగానే మొదలైన పాట

బీటిల్స్ ఇక్కడ పాడారన్నది నిజమేనా?

నిజమే, అదీ ఒకరోజు కాదు. 1963 డిసెంబరు 24 నుంచి 1964 జనవరి 11 దాకా క్రిస్మస్ ప్రదర్శన పెట్టారు. మొత్తం 30 ఆటలు, దగ్గర దగ్గర లక్ష టికెట్లు. పాటలే కాక బీటిల్స్ నలుగురూ వేషాలు కట్టి స్కిట్లు కూడా వేశారు. ఆ ఆడపిల్లల అరుపుల్లో మాటలు ఎవరికి వినిపించాయో దేవుడికే తెలియాలి.

ఊరి మీద అన్ని హాళ్లుండగా బ్యాండ్లు సినిమా టాకీసుల్లో ఎందుకు పాడేవాళ్లు?

1950లు, 60ల్లో బ్రిటన్‌లో ప్రతి ఊళ్లోనూ ఉన్న పెద్ద హాలు సినిమా హాలే. ఒకే కంపెనీకి దేశమంతా హాళ్లుండేవి కాబట్టి ఒక్క బేరంతో నెల రోజుల టూరు ఖాయమయ్యేది. అయిదారు బ్యాండ్లను బస్సెక్కించి, సాయంత్రానికి రెండు ఆటల చొప్పున ఊరూరా తిప్పేవారు. మన నాటక కంపెనీలు ఊళ్లు తిరిగినట్టే.

హెండ్రిక్స్ నిజంగానే గిటారు కాల్చాడా? ఏదన్నా ట్రిక్కా?

నిజంగానే కాల్చాడు. 1967 మార్చి 31న, వాకర్ బ్రదర్స్ బ్యాండుతో కలిసి చేసిన టూరు మొదటి రాత్రి. అదే టూరులో క్యాట్ స్టీవెన్స్, ఎంగల్‌బర్ట్ హంపర్‌డింక్ అనే గాయకులు కూడా ఉన్నారు. అమెరికన్ గిటారిస్టు జిమి హెండ్రిక్స్ అప్పటికింకా పెద్ద పేరున్నవాడు కాదు, జనం వచ్చింది కూడా అతని కోసం కాదు. జనం గుర్తుపెట్టుకునేలా ఏదో ఒకటి చేయాలి. కీత్ ఆల్తమ్ అనే సంగీత విలేఖరి ఇచ్చిన ఆలోచన ప్రకారం సిగరెట్ లైటర్లలో పోసే ద్రవం తెప్పించి, ఆఖరి పాటయ్యాక గిటారు మీద పోసి అంటించాడు. చెయ్యి కాలి ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చింది.

మీరు చూసిన ఫోటో, అదే మోకాళ్ల మీద కూర్చుని మంటను పిలుస్తున్నట్టుండేది, ఇక్కడిది కాదు. అది అదే ఏడాది జూన్‌లో అమెరికాలో మాంటెరీ ఉత్సవంలో తీసింది. మొదట కాల్చింది మాత్రం ఈ చుక్కల కప్పు కిందే. ఆ రాత్రి కాలిన గిటారే ఇది అంటూ 2008లో లండన్‌లో ఒకదాన్ని వేలం వేస్తే 2,80,000 పౌండ్లు పలికింది.

## రెయిన్‌బో పదేళ్లు

సినిమా హాలుని రెయిన్‌బోగా మార్చిందెవరు?

జాన్ మారిస్ అనే అమెరికన్. న్యూయార్క్‌లో ఫిల్మోర్ ఈస్ట్ అనే హాలు నడిపిన అనుభవం ఉన్నవాడు. అదీ ఒకప్పటి సినిమా హాలే, 1971 జూన్‌లో మూతపడింది. ఆ పద్ధతినే లండన్‌కు తెచ్చాడు. మంచి శబ్దం, మంచి లైట్లు, రాక్ పాట కోసమే ఒక శాశ్వతమైన ఇల్లు. 1971 నవంబరు 4, 5, 6 తేదీల్లో ది హూ బ్యాండు పాడి తలుపులు తెరిచింది.

ఫ్రాంక్ జాపాను స్టేజీ మీంచి తోసేశారటగా?

అవును, 1971 డిసెంబరు 10న. ఆరు రోజుల ముందు స్విట్జర్లాండులో మాంత్రో కేసినోలో ఈ అమెరికన్ రాక్ సంగీతకారుడు జాపా పాడుతుండగానే మంటలు లేచి బ్యాండు సామానంతా బూడిదైపోయింది. డీప్ పర్పుల్ బ్యాండు వాళ్ల 'స్మోక్ ఆన్ ది వాటర్' పాట పుట్టింది ఆ మంటలు చూసే. అరువు సామానుతో లండన్ వచ్చి కచేరీ పూర్తి చేసి, చివర్లో బీటిల్స్ పాట ఒకటి పాడారు. అప్పుడు జనంలోంచి ఒకడు స్టేజీ ఎక్కి తోసేశాడు. జాపా పడింది 1930లో వాద్యగాళ్ల కోసం తవ్విన గోతిలో. కాలు, పక్కటెముక విరిగాయి, తలకు దెబ్బలు తగిలాయి, గొంతు నలిగిపోయింది. చాలా నెలలు చక్రాల కుర్చీలోనే గడిపాడు. ఆ తర్వాత అతని గొంతు శాశ్వతంగా కొంత దిగిపోయింది. ముందూ వెనకా రికార్డులు పక్కపక్కన వింటే తేడా మీకే తెలుస్తుంది.

తోసినవాడికి ఏడాది జైలు పడింది. తన స్నేహితురాలు జాపా మీద మోజు పడిందన్నది కారణంగా చెప్పుకుంటారు.

పింక్ ఫ్లాయిడ్ బ్యాండు 'డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' ఆల్బమ్‌ను మొదట ఇక్కడే వాయించారా?

మొట్టమొదట కాదు. 1972 జనవరి నుంచే వేరే ఊళ్లలో వాయిస్తూ వచ్చారు. లండన్ పత్రికలవాళ్లను పిలిచి వినిపించింది ఇక్కడ, 1972 ఫిబ్రవరి 17 నుంచి 20 దాకా నాలుగు రాత్రులు. ఆల్బమ్ బయటికి వచ్చింది 1973 మార్చిలో. అంటే ఏడాది ముందే విన్నారన్నమాట. ఎవరో చాటుగా రికార్డు చేసి దొంగ కాపీలు కూడా అమ్ముకున్నారు. అసలు ఆల్బమ్ కంటే పైరసీ ముందొచ్చిన కేసు!

ఎరిక్ క్లాప్టన్ రెయిన్‌బో కచేరీ అంత ప్రత్యేకమేంటి?

హెరాయిన్‌కు బానిసై ఇంగ్లిష్ గిటారిస్టు క్లాప్టన్ ఇల్లు కదలడం మానేశాడు. రవిశంకర్, జార్జ్ హారిసన్ కలిసి 1971లో న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ బాధితుల కోసం పెట్టిన కచేరీలో కనిపించాక దాదాపు మాయమైపోయాడు. ది హూ బ్యాండు పీట్ టౌన్‌షెండ్ పట్టుబట్టి, స్టీవ్ విన్‌వుడ్, రోనీ వుడ్ లాంటి సంగీతకారులను చుట్టూ పెట్టి 1973 జనవరి 13న రెండు ఆటలు వేయించాడు. సంగీతం పరంగా అది క్లాప్టన్ గొప్ప రాత్రి కాదని నా అభిప్రాయం. రికార్డు వింటే కొంచెం తడబాటు వినిపిస్తుంది. స్నేహితులు పక్కన నిలబడటం మాత్రం గొప్పదే.

ఫ్రెడ్డీ మెర్క్యురీ మనవాడే కదా, ఇక్కడ పాడాడా?

పాడాడు. అసలు పేరు ఫరోక్ బల్సారా, పార్సీ కుటుంబం, పుట్టింది జాంజిబార్‌లో, చదివింది మహారాష్ట్రలోని పంచ్‌గనిలో. అతని క్వీన్ బ్యాండు ఇక్కడ 1974 మార్చి 31న ఒకసారి, నవంబరు 19, 20 తేదీల్లో మరోసారి పాడింది. ఆ రికార్డింగులు 2014లో ఆల్బమ్‌గా వచ్చాయి. హెండ్రిక్స్ అంటే ఫ్రెడ్డీకి ప్రాణం. హెండ్రిక్స్ గిటారు కాల్చింది 1967 మార్చి 31. సరిగ్గా ఏడేళ్లకు, అదే తేదీన, అదే స్టేజీ మీద ఫ్రెడ్డీ నిలబడ్డాడు. కావాలని కుదిర్చింది కాదనుకుంటాను. నాకు మాత్రం అది తలచుకున్నప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది.

బాబ్ మార్లే కచేరీ వీడియోలో ఉన్నది ఈ హాలేనా?

ఇదే. 1976 డిసెంబరులో జమైకాలో ఇంట్లోనే కాల్పులకు గురై, ప్రాణం దక్కించుకుని ఆ దేశపు గాయకుడు మార్లే లండన్ చేరాడు. 1977 జూన్ 1 నుంచి 4 దాకా ఇక్కడ పాడాడు. 'ఎక్సోడస్' ఆల్బమ్ విడుదలైంది జూన్ 3న, అంటే ఆ కచేరీల మధ్యలోనే. అప్పటికే కాలి బొటనవేలికి దెబ్బ ఉంది. ఆ వేలిలోనే క్యాన్సర్ అని తర్వాత తేలింది.

కుర్చీలు విరగ్గొట్టిన గొడవ ఎప్పటిది?

1977 మే 9, ది క్లాష్ అనే పంక్ బ్యాండు కచేరీ. పంక్ అంటే తిరుగుబాటు ధోరణిలో గోలగా సాగే రాక్. పంక్ కుర్రాళ్లకు బుద్ధిగా కూర్చుని వినే అలవాటు లేదు. వరసల కొద్దీ సీట్లు పీకి స్టేజీ ముందు పడేశారు.

'లైవ్ ఎట్ ది రెయిన్‌బో' పేరుతో ఇన్ని రికార్డులెందుకు?

హాలు పెద్దది, శబ్దం బాగుండేది, లండన్ కావడంతో రికార్డింగు బండి తెచ్చి నిలబెట్టుకోవడం సులువు. యెస్ బ్యాండు 1972 డిసెంబరులో ఇక్కడ సినిమా తీసుకుంది. రామోన్స్ 1977 డిసెంబరు 31 రాత్రి రికార్డు చేశారు. ఐరన్ మెయిడెన్ 1980 డిసెంబరులో వీడియో తీశారు. గాయకుడు డేవిడ్ బోవీ 1972 ఆగస్టులో లిండ్సే కెంప్ డాన్సర్లతో చేసిన ప్రదర్శన మాత్రం అలా పూర్తి సినిమాగా మిగల్లేదు, అదే నా బాధ.

ఆ పదేళ్లూ ఏకధాటిగా నడిచిందా?

లేదు. డబ్బు టెన్షన్ మొదటి నుంచీ ఉంది. చేతులు మారుతూ వచ్చి 1975 మార్చిలో ఆఖరి కచేరీ అని ప్రకటించి మూసేశారు. 1977 జనవరి 1న జెనెసిస్ బ్యాండుతో మళ్లీ తెరిచారు. ఆ మధ్య కాలం తీసేస్తే పాట మోగింది ఎనిమిదేళ్లు మాత్రమే.

## మూత, ఆ తర్వాత

1981లో ఎందుకు మూసేశారు?

1981 డిసెంబరు 24 దాని చివరి రాత్రి. 1974లో ప్రభుత్వం ఈ భవనాన్ని వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చింది. జాబితాకెక్కిన కట్టడంలో ఏది మార్చాలన్నా అనుమతి కావాలి, పాత పనితనం చెడకుండా మరమ్మతులు చేయాలి. ఆ ఖర్చు టికెట్ల మీద రాదని యజమానులు చేతులెత్తేశారు.

మరి కూల్చకుండా ఎలా మిగిలింది?

ఖర్చు పెంచి మూయించిన ఆ జాబితానే కూల్చకుండా కాపాడింది. 14 ఏళ్లు ఖాళీగా పడి ఉన్నా గోడ మీద చెయ్యి వేసే హక్కు ఎవరికీ లేదు. ఇప్పుడది రెండో శ్రేణిలో నక్షత్రం గుర్తున్న కట్టడం, అంటే మామూలు రెండో శ్రేణి కంటే పై మెట్టు.

చర్చి వాళ్ల చేతికి ఎలా వెళ్లింది? బాధగా లేదా?

బ్రెజిల్‌లో 1977లో మొదలైన యూనివర్సల్ చర్చ్ ఆఫ్ ది కింగ్‌డమ్ ఆఫ్ గాడ్ 1995లో కొని, 1990ల చివర్లో లోపలంతా బాగు చేయించింది. ఫౌంటెన్ ఉంది, పల్లె గోడలు ఉన్నాయి, ఆకాశం ఉంది.

రాక్ అభిమానులు దీని మీద చాలా గొణుగుతారు. నేనూ ఒకప్పుడు గొణిగినవాణ్నే. కానీ మా ఊళ్లో నేను నేల టికెట్ కొని సినిమాలు చూసిన హాలు ఉన్నచోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లున్నాయి, ఒక్క ఇటుక మిగల్లేదు. ఇక్కడ కప్పు కారకుండా చూసేవాళ్లున్నారు, దీపాలు వెలుగుతున్నాయి. పైగా వాళ్లు ఉంటున్న కాలం రెయిన్‌బో నడిచిన కాలానికి మూడు రెట్లయింది. ఎవరిల్లు ఎవరిదని అడగాలి?

లోపలికి వెళ్లి చూడొచ్చా? ఏ స్టేషన్లో దిగాలి?

విక్టోరియా లైను గానీ పికడిలీ లైను గానీ ఎక్కి ఫిన్స్‌బరీ పార్క్‌లో దిగండి, రెండు నిమిషాల నడక. ఫోటో అంతా పట్టాలంటే రోడ్డుకి అవతలి పక్క నుంచి తీసుకోండి. అది మ్యూజియం కాదు, నడుస్తున్న ప్రార్థనా మందిరం. ముందుగా గుమ్మం దగ్గర అడగండి. మా బావగారు అడక్కుండా ప్రార్థన మధ్యలో లోపలికి వెళ్లిపోయి, వెంటనే లేచి వస్తే బాగోదని గంటన్నర కూర్చున్నారు. ఏం చెప్పారు బావగారూ అంటే, "ఏమో నాకేం తెలుసు, నేను చుక్కలు లెక్కపెడుతున్నా" అన్నారు.